శంకించువారి పక్షమున

దేహములో క్రొత్తగా ఏదో ఒక వికారము పొడసూపినంతనే కలవరపడు మనుష్యునిపట్ల మన సమాజమునకు దయ తక్కువ. ఎడమచేయి తిమ్మిరెక్కుచున్నదనియో, నాలుక ప్రక్కన లేచిన పుండు మానకున్నదనియో, నెలదినములుగా ఆకలి మందగించి ఒడలు చిక్కుచున్నదనియో అతడు నోరు విప్పి చెప్పుకొన్నపుడు వినువారినుండి మొదట లభించు సమాధానము "ఏమీ లేదులే" అనునది. రెండవమాఱు చెప్పినచో "అనుమానం పెనుభూతం" అను సామెత. మూడవమాఱు చెప్పినచో నవ్వు. ఇంటిపెద్దలే కాక చదువుకొన్నవారును, పత్రికలలో ఆరోగ్యమునుగూర్చి హితవు చెప్పువారును, ఒక్కొక్కప్పుడు వైద్యులు సయితము ఈ త్రోవనే త్రొక్కుచు, జబ్బుకంటె జబ్బు భయమే ప్రమాదకరమనియు, ఫోనులో లక్షణములు వెదకి చూచుకొనువారు పెరిగినకొలది ఈ భయము ఇంటింటికిని ప్రాకుచున్నదనియు, మనస్సు గట్టిచేసికొని తన పని తాను చూచుకొనువానిని ఏ రోగమును దరిచేరజాలదనియు బోధించుచున్నారు. ఈ అభిప్రాయము ఎంతగా వ్యాపించినదనగా, దీనిని నిరూపింపుమని అడుగువారే లేకపోయిరి. నేను దీనిని అంగీకరింపను. శంకించుట వైద్యమునకు ప్రథమసోపానమనియు, శంకకు సమాధానము వెదకకుండ దానిని నోరు మూయించుటయే దోషమనియు, ఆ దోషము ఏటేట మన ఇండ్లలో ప్రాణములు తీయుచున్నదనియు నా దృఢవిశ్వాసము.

ఈ అభిప్రాయము మన ఇండ్లలో తాల్చు సామాన్యరూపము గ్యాసు. ఱొమ్ము బరువెక్కినను గ్యాసే. వీపున పోటు పుట్టినను, దవడ లాగినను, చల్లని చెమటలు పోసినను, మెట్లెక్కునపుడు ఊపిరి చాలకున్నను గ్యాసే. ఒక సోడా త్రాగించుట, వాము నమలించుట, మందుల షాపునుండి గ్యాసు బిళ్ళ తెప్పించి వేయుట, వీపు నిమురుచు "తెల్లారనీ, చూద్దాం" అనుట — అర్ధరాత్రివేళ తెలుగునాట ఏ ఊర చూచినను జరుగు చికిత్స ఇదియే. ఇట్లు చేయువారు ప్రేమ లేనివారు కారు. ఆ రోగిని ప్రాణపదముగా చూచుకొనువారే. కాని గుండె అడుగుగోడకు రక్తము అందనపుడు ఆ బాధ పైపొట్టలోనే తోచుటయు, వికారము, వాంతి కలుగుటయు మిక్కిలి సామాన్యమను సంగతి వారెఱుగరు. గుండెనుండియు పైపొట్టనుండియు బయలుదేరు నాడులు వెన్నుపాములో ఒకదానికొకటి చేరువగా కూడుటచే, ఏ వార్త ఏ తావునుండి వచ్చినదో మెదడు విడదీసి గ్రహింపజాలదు. మధుమేహము చాలకాలముగా ఉన్నవానికి నాడులు మొద్దుబాఱి అసలు నొప్పియే తెలియకపోవచ్చును. స్త్రీలలో పలువురకు ఆయాసము, చెప్పనలవికాని నిస్సత్తువ, వీపునందును దవడయందును పీకుడు — ఇవియే గుండెపోటునకు ఆనవాళ్ళై యుండును. ఱొమ్ము పట్టుకొని దబ్బున కూలిపోవు మనుష్యుని సినిమాలో చూచి గుండెపోటనగా అదియే అని నేర్చుకొన్న కుటుంబమునకు, వంటయింటి గట్టు నానుకొని నిలిచి "ఏదో నీరసంగా ఉంది" అను ఇల్లాలి గుండెపోటు కనబడదు.

వైద్యశాస్త్రమే ఈ పొరపాటును దాటి వచ్చుటకు చాలకాలము పట్టినది. గుండె రక్తనాళము హఠాత్తుగా పూడుకొన్నచో మనిషి ఆ క్షణముననే మరణించునే గాని, బ్రతికియుండి తన బాధ చెప్పుకొనజాలడని ఇరువదవ శతాబ్ది ఆరంభమువఱకు వైద్యులలో పెక్కురు తలంచియుండిరి. 1912లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, అట్టి రోగులు గంటలకొలదియు దినములకొలదియు జీవించియుండగలరనియు, వారిలో కొందఱి బాధ పొట్టలోని వ్యాధిగా భ్రమింపజేయుననియు వివరించి చెప్పెను. అంతకుముందు తీవ్రాజీర్ణమను పేరున లెక్కకెక్కిన ఆకస్మికమరణములలో గుండెజబ్బు మరణములు ఎన్ని కలవో ఇక తేల్చువారు లేరు. ఆ పిదప నలువదేండ్లు గడచిన తరువాత, 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ డెన్వరు నగరమున రాత్రివేళ బాధతో మేల్కొన్నపుడు, దేశమునకు మొట్టమొదట వెల్లడింపబడినది అజీర్ణమనియే. ఆ మధ్యాహ్నము ఇ.సి.జి. తీసిన పిమ్మటనే అది గుండెపోటని తేలినది. సొంత వైద్యుడు కాచియున్న దేశాధ్యక్షుని విషయముననే మొదటి మాట అట్లు వచ్చినచో, పలాస దాపుననో మహబూబ్‌నగరము దాపుననో ఒక పల్లెలో మందుల షాపు కుఱ్ఱవాడు ఇచ్చిన గ్యాసు బిళ్ళ మింగి పడుకొన్నవాని గతి ఏమని చెప్పవలెను?

ఱొమ్ము మండినవారందఱును ఆసుపత్రికి పరుగెత్తినచో నూటికి ఎందఱికి గుండెజబ్బు తేలును, ఎక్కువమందికి నిజముగా గ్యాసే కదా అని అందురు. నిజమే. ఈ వాదములోని లెక్క సరియైనదే గాని తూనిక తప్పు. శంక వట్టిదైనపుడు నష్టపడునది ఒక రాత్రి నిద్రయు, ఒక ఇ.సి.జి. ఖర్చును, శంక నిజమైనదై దానిని అణచివేసినపుడు నష్టపడునది గుండెకండరము, పెక్కుమాఱులు మనిషియే. నెత్తురుగడ్డను కరిగించు సూదిమందు గాని, నాళమును తెఱచు స్టెంటు గాని మొదటి గంటలలో చేయు మేలు తరువాతి గంటలలో చేయజాలదు. సోడా త్రాగించి వేచియున్న మూడు గంటలు ఆ మేలునుండి తఱిగిన మూడు గంటలే. ఇంతేకాదు, మొదటి ఇ.సి.జి. బాగుగనే యున్నదని ఇంటికి మరలుటయు క్షేమము కాదు. బాధ కొనసాగుచున్నచో కొంతసేపటికి మరల తీయవలెను, ట్రోపోనిన్ అను రక్తపరీక్ష చేయవలెను. శంకను ఇంత ఓపికతో వెంబడించు శాస్త్రమును మనము ఆసుపత్రిలో గౌరవించుచు, అదే శంక ఇంటిలో పుట్టినపుడు పరిహసించుచున్నాము.

"తగ్గిపోయింది కదా, ఇంకేం" అనునది ఈ అభిప్రాయమునకు మఱియొక రూపము. మాట తడబడి, మూతి ఒక ప్రక్కకు వంకరపోయి, చేతిలోని గ్లాసు జాఱి, పది నిమిషములలో అంతయు యథాస్థితికి వచ్చినదనుకొందము. ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొని, ఎండదెబ్బ యనియో దిష్టి యనియో చెప్పుకొని ఆ సంగతిని మఱచిపోవుదురు. మెదడు రక్తనాళమున క్షణకాలము అడ్డుపడి తొలగిన గడ్డ అది. దాని వెనుక వచ్చు కొలదిదినములే నిజమైన పక్షవాతమునకు అత్యంతాపాయకాలము. వచ్చి నిలిచిన పక్షవాతమునకు గడ్డ కరిగించు మందు ఇచ్చుటకు నాలుగున్నర గంటల గడువైన కలదు. వచ్చి పోయినదానిని అసలు రాలేదని భావించినవానికి ఆ గడువు సయితము లేదు.

ఈ అభిప్రాయమునకు మూలమందు పైకి చెప్పబడని ఒక సిద్ధాంతము దాగియున్నది: పెద్దజబ్బు పెద్దగానే వచ్చును, నొప్పి లేనిది జబ్బు కాదు అని. దీనికంటె అసత్యమైన మాట వైద్యవిషయమున నాకు కనబడదు. కుష్ఠు తొలుత చర్మముపై పాలిపోయిన మచ్చగా కనిపించును. అది దురదపెట్టదు, నొప్పిపెట్టదు, ముట్టుకొన్నను తెలియదు. తెలియకపోవుటయే దాని లక్షణము. తెలియకపోవుటచేతనే దానిని ఎవరును లెక్కచేయరు. డిచ్‌పల్లిలోను సాలూరులోను కుష్ఠు ఆసుపత్రులు ఎందుకు వెలసినవో, అందు చేరినవారి వ్రేళ్ళు ఎట్లు వంకరలు పోయినవో ఎఱిగినవారు ఆ మచ్చను చూచి నవ్వజాలరు. ఆఱు మాసములు గాని, పండ్రెండు మాసములు గాని ఉచితముగా ఇచ్చు మందులతో నేడది సంపూర్ణముగా కుదురును; కాని చచ్చిన నాడిని ఆ మందులు బ్రతికింపలేవు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములలో చుట్ట నిప్పుకొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిపై తెల్లని మచ్చలును, ఎఱ్ఱని చుక్కలును లేచుట, అందు కొన్ని క్యాన్సరుగా పరిణమించుట అరువదేండ్లకు మించి వైద్యులెఱిగిన సంగతి. ఇతరత్ర అరుదైన అంగిటి క్యాన్సరు మన తీరమున అరుదు కాకపోవుటకు కారణమిదియే. ఆ మచ్చ నొవ్వదు. రెండు వారములు దాటినను మానని నోటిపుండు నొవ్వకున్నచో మఱింత శంకింపదగినదని దంతవైద్యులు చెప్పుచుండగా, నొవ్వకున్నది గనుక పోనిమ్మని ఇంటివారు చెప్పుచున్నారు. రెండు వారములు మించిన దగ్గునుగూర్చి క్షయనివారణ సిబ్బంది ఊరూర చాటుచున్నను, బీడీ త్రాగువాడు గనుక దగ్గుచున్నాడనియు, ప్రత్తిమిల్లులో పనిచేయుచున్నది గనుక దగ్గుచున్నదనియు మనము కారణము ముందుగనే చెప్పివేసి విచారణ ముగించుచున్నాము.

మా తాతలు ఆసుపత్రి ముఖమెఱుగరు, రాళ్ళు తిని అరిగించుకొన్నారు, ఈ కాలపువారికే లేనిపోని భయములు అని వాదించువారు కలరు. ఆ తాతలు బ్రతికి మనుమలకు కథలు చెప్పినవారు. చెప్పుటకు మిగులనివారి కథ మనకు చేరలేదు. 1951 జనాభా లెక్కల నాటికి మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. అందు శిశుమరణముల వాటా పెద్దదని ఒప్పుకొన్నను, బాలింతలై పోయినవారు, "కడుపులో నొప్పి వచ్చి తెల్లవాఱేసరికి పోయినాడు" అని మాత్రమే వంశచరిత్రలో నిలిచిన యువకులు ఏ కుటుంబమున లేరు? వారికేమి జబ్బో ఎవరికిని తెలియదు గనుక వారికి జబ్బే లేదని అనుకొనుట తర్కమునకు నిలుచునా?

ప్రాచీనుల పేరు చెప్పి శంకను నిందించువారు ప్రాచీనవైద్యమునైన పరికించినవారు కారు. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అను అయిదింటివలన రోగమును గుర్తింపవలెనని ఆయుర్వేదము విధించినది. అందు రెండవది వ్యాధి ఇంకను వ్యక్తము కాకముందు తోచు అల్పచిహ్నములను పట్టుకొనుటయే. ప్రమేహమునకు పూర్వరూపములుగా అరచేతులును అరికాళ్ళును మండుట, తిమ్మిరెక్కుట, నోరు తీపిగా నుండుట, దప్పిక, మూత్రమునకు చీమలు పట్టుట మున్నగువానిని చరకసంహిత పేర్కొన్నది. సుశ్రుతుడు సంచయము మొదలు భేదము వఱకు వ్యాధిగమనమును ఆఱు దశలుగా విభజించి, ఏ దశలో కనిపెట్టిన ఆ దశలోనే ప్రతిక్రియ చేయవలెనని చెప్పినాడు. నేడు మనమెవరినైతే అనుమానపు మనిషి అనుచున్నామో, ఆ మనిషి చెప్పు మాటలనే ఆ మహావైద్యులు ఆసక్తితో విని గ్రంథస్థము చేసిరి.

శంకించువారు తమ ప్రాణమునే కాక ఊళ్ళను కాపాడిన సందర్భములు కలవు. తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన పాత నెల్లూరు జిల్లా మెట్టతాలూకాలలో 1930 ప్రాంతమున రైతులు తమ ఎడ్ల నడకలో బిగువును, కీళ్ళ పట్టును గమనించి కలవరపడిరని ఫ్లోరోసిస్ చరిత్ర చెప్పువారు వ్రాయుదురు. మనుష్యులలోను పండ్లు గారపట్టి, నడుములు వంగక, మెడలు తిరుగక యున్నవారు పలువురుండిరి. ముసలితనమనియు, వాతమనియు, కర్మమనియు వారిని పోనిచ్చుచుండిరి. 1937లో మద్రాసునందలి షార్ట్ మున్నగు వైద్యులు పరిశోధించి అది త్రాగునీటిలోని ఫ్లోరైడుచే కలిగిన వ్యాధి యని ప్రకటించిరి; మన దేశమున మానవులలో ఈ వ్యాధి శాస్త్రీయముగా గుర్తింపబడుట అదే ప్రథమము. నల్లగొండ ప్రజలు తరువాత అనుభవించినదంతయు ఆ నీటి కథయే. ఎద్దు నడకలో మార్పును చూచి కలతపడు రైతును వివేకి యందుము; తన భార్య నడుము బిగిసినదని కలతపడినచో మాత్రము ఓర్చుకొమ్మని చెప్పుదుము.

అమెరికాలో కనెక్టికటు రాష్ట్రమున పాలీ మరే అను గృహిణి తనకును తన బిడ్డలకును ఏండ్ల తరబడి వచ్చుచుండిన దద్దురులను, జ్వరములను, కీళ్ళవాపులను తేదీలతో వ్రాసిపెట్టుకొని వైద్యులచుట్టు తిరిగినది. ఆమె బాధ మనస్సునకు సంబంధించినదని పలువురు తేల్చివేసిరి. ఆమె విడువక 1975లో రాష్ట్ర ఆరోగ్యశాఖకు తెలియజేయగా, యేల్ విశ్వవిద్యాలయమునుండి ఆలెన్ స్టియర్ వచ్చి విచారించి, ఆ చుట్టుప్రక్కల అనేకులకు అదే జబ్బు కలదని కనుగొనెను. అక్కడి లైమ్ అను ఊరిపేరు మీదనే దానికి లైమ్ వ్యాధి యని పేరు వచ్చినది. 1982లో విలీ బర్గ్‌డార్ఫర్ దానికి కారణమైన సూక్ష్మజీవిని గోమారులలో కనుగొనినట్లు లోకమునకు తెలిపెను. ఆ తల్లి నోరు మూసికొని యున్నచో ఇంకెన్ని సంవత్సరములు గడచియుండునో!

ఇక ప్రతిపక్షుల బలమైన వాదమునకు వత్తును. రోగము లేకున్నను ఉన్నదని నమ్మి, వైద్యుని విడిచి వైద్యుని కడకు తిరుగుచు, ఏ పరీక్షయు శాంతి కలిగింపక కృశించువారు నిజముగానే కలరు. దానిని మానసికవైద్యులు ఒక వ్యాధిగా గుర్తించిరి. దానికి చికిత్సయు కలదు. కాని ఆ చికిత్సలో పరిహాసము లేదు. రోగి భయమును వినుట, దేని వలన ఆ భయము పెరుగుచున్నదో అతనిచేతనే కనుగొనజేయుట, మాటిమాటికి దేహమును తడిమి చూచుకొను అలవాటును మెల్లగా మాన్పించుట — ఇది పద్ధతి. "నీకేమీ లేదు పో" అనుటవలన ఆ జబ్బు తగ్గినవాడు ఒక్కడైన ఉన్నాడా? తగ్గదు గనుకనే ఆ రోగి మఱియొక వైద్యుని వెదకికొని పోవుచున్నాడు. దుఃఖముచేతను దిగులుచేతను క్రుంగినవారు మనలో పెక్కుమంది ఆ మాట చెప్పుకొనజాలక, ఒళ్ళంతయు మంటలనియు, తలలో పోట్లనియు, గుండె దడ యనియు చెప్పుకొందురు. రిపోర్టులన్నియు నార్మలు అని వారిని పంపివేయుట సగము వైద్యము. మిగిలిన సగము ఆ దిగులును అడిగి తెలిసికొనుట. అక్కడ శంక నిజమే, వెదకిన తావు మాత్రమే వేఱు.

ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ తాను రోగియని భ్రమించువానిని పరిహసించుచు నాటకము వ్రాసి, ఆ వేషము తానే వేసి, 1673 ఫిబ్రవరిలో నాలుగవ ప్రదర్శననాడు రంగముపైననే బాధకు లోనై ఆ రాత్రియే నెత్తురు కక్కుకొని మరణించెను. భ్రాంతిరోగి వేషములో నిజమైన రోగి యున్నట్లు ఆనాడు ప్రేక్షకులు ఎఱుగరు. లండనులో ఎలియట్ స్లేటర్ అను వైద్యుడు, హిస్టీరియా యని నిర్ణయింపబడిన 85 మంది రోగుల చరిత్రను సుమారు తొమ్మిదేండ్ల తరువాత మరల విచారించి 1965లో ప్రకటించినపుడు, వారిలో పలువురకు నిజమైన శారీరకవ్యాధులు కలవనియు, కొందఱు మరణించిరనియు తేలినది. తరువాతి కాలమున ఈ పొరపాటు బాగుగా తగ్గి 1970 పిదప నూటికి నాలుగు చొప్పునకు దిగినట్లు పరిశీలకులు లెక్కించిరి. దానిని దాచి వాదించుట నాకిష్టము లేదు. అయినను ఆ తగ్గిన లెక్క వైద్యుడు పరీక్షించిన తరువాత చెప్పిన మాటకు వర్తించునది. పరీక్షింపకుండ పొరుగువాడును, పినమామగారును చెప్పు "ఏమీ లేదులే" అనుదానికి ఆ లెక్కలో చోటు లేదు.

శంకను మన్నించినచో పరీక్షల వ్యాపారులకు పంట పండునని మఱికొందఱి భయము. వ్యాపారము అధర్మముగా పెరిగినదని నేనును అందును. నగరములలో పండుగ తగ్గింపులతో అమ్ముడుపోవు పరీక్షల ప్యాకేజీలను చూచి బాధపడనివారెవరు? పరీక్షల ఫలితములకు నిర్ణయించిన హద్దులు ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది ఇమిడునట్లు ఏర్పఱచినవి. ఒకదానితో ఒకటి సంబంధము లేని ఇరువది పరీక్షలు సంపూర్ణారోగ్యవంతునికి చేసినను, ఒకటైన హద్దు దాటి ఎఱ్ఱగీత పడుటకు నూటికి 64 పాళ్ళు అవకాశము కలదు. ఆ గీత పట్టుకొని మఱి పది పరీక్షలు. 1896లో విడాల్ కనిపెట్టిన పరీక్ష ఒక్కమాఱు చేసి, టైఫాయిడ్ మున్ను వచ్చిపోయినవారు కోట్లకొలది యున్న దేశమున ప్రతి జ్వరమునకును టైఫాయిడ్ పేరు పెట్టి సెలైను ఎక్కించుట మన చిన్న ఊళ్ళలో నిత్యకృత్యము. ఐనను ఇందు శంకించువాని దోషమేమి? ప్యాకేజీ అమ్ముడుపోవునది ఏ లక్షణమును లేనివానికి. లక్షణము కలవాడు కోరునది ఒక ప్రశ్నకు ఒక సమాధానము. ఆ ప్రశ్నను శ్రద్ధగా విన్న వైద్యునికి రెండు పరీక్షలు చాలును. వినుట మానినచోటనే పరీక్షలు పెరుగుచున్నవి.

ఈ అభిప్రాయముచే అందఱును ఒకేరీతిగా నష్టపడరు. ఇంటి యజమానికి ఛాతిలో కలుక్కుమన్నచో కారు బయలుదేరును. కోడలికి అదే బాధ కలిగినచో "దుక్కలా ఉన్నావు, నీకేమైంది" అను మాట ఎదురగును. ముట్టు నిలిచిన పిదప మరల నెత్తురు కనబడిన స్త్రీ ఆ మాట భర్తతో చెప్పుటకు సిగ్గుపడి, అత్తతో చెప్పుటకు భయపడి, తోడికోడలితో చెప్పినచో "వేడి చేసుంటుందిలే, మజ్జిగ తాగు" అని విని ఊరకుండును. అది గర్భాశయపు క్యాన్సరునకు ప్రథమసూచన కావచ్చునను మాట ఆమెకు చెప్పువారు లేరు. నెలలు గడచి నడుములోనికి నొప్పి దిగిన తరువాత గాని ఆసుపత్రి త్రోవ పట్టదు. నాటుకూలికి పోవు మనిషికి శంకించుటకు తీఱికయే లేదు. ఆమె ఒక దినము పని మానినచో ఆ దినపు కూలి పోవును, మేస్త్రి మఱియొకరిని పిలుచుకొనును, కనుక ఆర్.ఎం.పి. డాక్టరు సూదిమందుతోను, నొప్పిబిళ్ళతోను నెలలు నెట్టుకొని వచ్చును. అట్టిదానితో భయము మానుమని చెప్పుట ఏమి ధర్మము? ఆమెకు భయము చాలినంత లేదు. భయపడుటకు అనుమతి లేదు. జబ్బు భయము కలవారి విలాసమని వ్రాయువారు ఆమె ముఖము చూచి వ్రాసినవారు కారు.

వైద్యులనుగూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. ఫోనులో చదివికొని వచ్చిన రోగిని చూచి కసరుకొను అలవాటు వారిలో పెరుగుచున్నది. ఒక పూటలో నూఱుమందిని చూడవలసినవారి అలసట నేనెఱుగుదును. కాని ఆ రోగి ఫోనును ఆశ్రయించుటకు కారణము, అంతకుముందు అతని మాట వినిన మనిషి లేకపోవుటయే. "ఏమీ లేదు" అని చెప్పు వైద్యుడు ఏమి చూచి అట్లు చెప్పుచున్నాడో తెలిపి, ఏ మార్పు కనబడినచో ఎన్నాళ్ళకు మరల రావలెనో చెప్పి పంపినచో, ఆ రెండు వాక్యములకు నిమిషముకంటె ఎక్కువ పట్టదు. రోగి రాత్రి ఒంటిగంటవేళ ఫోను తెఱచి భయంకరమైన పేర్లు చదివికొను అవసరమును సగము తీఱును. క్రొత్తగా పుట్టినదా, పోక నిలిచినదా, దినదినము పెరుగుచున్నదా, దానికి వేఱు కారణము కనబడుచున్నదా అని తన్ను తాను అడుగుకొనుట ఎట్లో వైద్యుడు నేర్పగలిగినచో, అదే రోగి మఱుసటిమాఱు వట్టి భయమును విడిచి పనికివచ్చు శంకతో వచ్చును.

ప్రతి శంకను ఆసుపత్రికి తెచ్చినచో అక్కడ చోటు చాలదని చివరకు అందురు. ఆసుపత్రులలో చోటు నిండుట నిజమే. ఎవరితో నిండుచున్నవో శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునకు పోయి చూడవలెను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల కొబ్బరితోటలలోను జీడితోటలలోను పనిచేయువారి మూత్రపిండములను ఏండ్ల తరబడి కబళించుచున్న వ్యాధికి మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఆకలి చచ్చుట, కాళ్ళు పొంగుట, ఆయాసము కనబడునప్పటికే మూత్రపిండముల శక్తిలో అధికభాగము పోయియుండును. అంతకుముందు ఉన్న చిహ్నములన్నియు "ఎండలో పనిచేసి నీరసం" అను మాటలో కొట్టుకొనిపోవును. ఆ నీరసమును శంకించినవానికి కావలసినది క్రియాటినిన్ చూచు ఒక నెత్తురుపరీక్ష, ఒక మూత్రపరీక్ష, రక్తపుపోటు చూచుట. జబ్బు తేలినచో పోటును అదుపున ఉంచి, నొప్పిబిళ్ళలు మాన్పించి, దాని నడకను మందగింపజేయుటకు సంవత్సరముల వ్యవధి దొరకును. శంకింపనివాడు డయాలసిస్ మంచమునకు వచ్చును. అక్కడ వారమునకు రెండు మూడుమాఱులు, మాఱునకు నాలుగేసి గంటలు, బ్రతికినంతకాలము ఆ మంచము అతనిది. అతని వెంట వచ్చు భార్యకో కొడుకునకో ఆ దినముల కూలి లేదు. అతడు పోయిన దినముననే ఆ మంచము మఱియొకరిదగును. 2023లో పలాసలో మూత్రపిండవ్యాధులకై ప్రత్యేకముగా తెఱచిన ఆసుపత్రికి వచ్చుచున్నవారిని, మొదటిమాఱు నీరసము తోచినపుడు ఎవరితో చెప్పుకొంటివి, వారేమనిరి అని అడిగి వ్రాసికొన్నచో, ఆసుపత్రులలో చోటు ఎందుకు చాలకున్నదో ఆ వ్రాత చెప్పును.